ప్రేమకథకు అడ్డుగోడ కావాలి: చారిత్రక, పారానార్మల్ రొమాన్సులను ఎలా చదవాలి

చారిత్రక రొమాన్స్ నవలలు కొత్తగా చదవడం మొదలుపెట్టినవారిని తికమకపెట్టే సన్నివేశం ఒకటి ఉంది. పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్ల లండన్‌లో ఒక పెద్ద భవనం. కింది హాల్లో నాట్యం జరుగుతూ ఉంటుంది. ఆ ఉక్కపోత భరించలేక నాయిక కాసేపు ఒంటరిగా కూర్చుందామని పుస్తకాల గదిలోకి వెళ్తుంది. అక్కడ అప్పటికే ఒకాయన ఉంటాడు. ఆమె వెనకాల తలుపు మూసుకుంటుంది. నాలుగు మాటలు నడుస్తాయి. ఆమె చేతితొడుగు బొత్తం ఊడితే అతను పెట్టబోతాడు. మణికట్టు దగ్గర వేలెడు మేర చర్మం కనిపిస్తుంది, ఆ వేలెడు చర్మం గురించి రచయిత్రి ఒక పేజీ రాస్తుంది. సరిగ్గా అప్పుడే ఒక పెద్దావిడ తలుపు తోసుకుని లోపలికి వస్తుంది. మరుసటి అధ్యాయానికల్లా ఇద్దరికీ పెళ్లి నిశ్చయమైపోతుంది. ఇలాంటి నవల మొదటిసారి చదివినప్పుడు నేను ఏదో ఒక పేజీ వదిలేశాననుకుని వెనక్కి తిప్పి మళ్లీ చదివాను. వదిలేసిందేమీ లేదు, నాకు తెలియనిది ఉంది, అంతే.

ఆ తలుపు విలువ తెలిస్తే తప్ప అక్కడ జరిగిందేమిటో అర్థం కాదు. పెళ్లికాని అమ్మాయి తోడు లేకుండా, మూసిన తలుపు వెనక, ఒక మగవాడితో కనిపించిందన్న కబురు ఆమె పెళ్లినే కాక ఆమె చెల్లెళ్ల పెళ్లిళ్లను కూడా చెడగొట్టగలదు. ఆ వర్గంలో పుట్టిన స్త్రీకి పెళ్లి తప్ప పరువైన బతుకుతెరువు దాదాపు లేదు. ఇప్పుడు ఇదే గదిని, ఇదే తలుపును పారానార్మల్ రొమాన్సులో, అంటే అలౌకిక జీవులు తిరిగే ప్రేమకథలో ఊహించుకోండి. కుర్చీలో ఉన్నవాడు రక్తపిశాచి. చేతితొడుగు జారినప్పుడు అతని కంటబడేది మణికట్టు చర్మం కాదు, దాని కింద కొట్టుకుంటున్న నాడి. మొదటి నవలలో ప్రమాదం తలుపు బయట ఉంది. రెండో నవలలో తలుపు లోపలే ఉంది.

ఒకటి చరిత్ర పుస్తకాల మీద ఆధారపడేది, మరొకటి ఏ పుస్తకంలోనూ లేని జీవులను పుట్టించేది. అయినా ఈ రెంటినీ చాలాసార్లు ఒకే పాఠకులు చదువుతారు, కొందరు రచయిత్రులు రెండూ రాస్తారు, రెండూ కలిసిన నవలలకూ కొదవ లేదు. దీన్ని అభిరుచి చాపల్యంగా కొట్టిపారేసేవారు ఒక ముఖ్యమైన సంగతి గమనించరు. ప్రేమకథకు అడ్డుగోడ కావాలి. రొమాన్స్ నవల నిర్మాణం మీద పమేలా రెజిస్ 2003లో వెలువరించిన పరిశీలనలో ఈ ప్రక్రియకు తప్పనిసరి అయిన ఎనిమిది అంగాలను గుర్తించింది. నాయికానాయకులు కలుసుకోవడం, ఆకర్షణ, ప్రేమ ప్రకటన వంటివాటితో పాటు అడ్డంకి అందులో ఒకటి. నా మటుకు నాకు కథకు ఆయువుపట్టు అదే. ఒకరినొకరు ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్లు నిక్షేపంగా కలిసి బతకగలిగిన చోట నాలుగు వందల పేజీల కథ నిలవదు. అపార్థాలతోనో, ఎత్తని ఫోన్ కాల్‌తోనో సాగదీస్తే పాఠకులకు విసుగు పుడుతుంది. అందుకని రచయిత్రి గట్టి గోడ కోసం వెతుకుతుంది. గతంలోకి వెళ్తే చట్టం, హోదా, ఆస్తి ఆ గోడ కడతాయి. అలౌకికంలోకి వెళ్తే ప్రకృతే కడుతుంది: అతనికి చావు లేదు, ఆమెకు ఉంది; అతనికి ఆకలి వేస్తే ఆమె ఆహారం.

పేర్ల గందరగోళం ఒకటి ముందు తేల్చుకోవాలి. గతకాలంలో నడిచే ప్రతి ప్రేమకథా చారిత్రక రొమాన్స్ కాదు, రక్తపిశాచి ఉన్న ప్రతి పుస్తకమూ పారానార్మల్ రొమాన్స్ కాదు. 1980లో అమెరికాలో ఏర్పడిన రొమాన్స్ రచయితల సంఘం ఈ ప్రక్రియకు రెండే షరతులు పెట్టింది: కథకు కేంద్రం ప్రేమకథ కావాలి, ముగింపు మనసుకు తృప్తినిచ్చేదిగా, ఆశ కలిగించేదిగా ఉండాలి. నేను వాడే పరీక్ష ఇంకొంచెం మొరటుది. పుస్తకంలోంచి ప్రేమకథను తీసేసి చూడండి. యుద్ధమో, రాజకీయమో, హత్య పరిశోధనో ఇంకా నిలబడి ఉంటే అది చారిత్రక నవల, లేదా పిశాచాలూ మాంత్రికులూ తిరిగే నగరం మీద అల్లిన అర్బన్ ఫాంటసీ. మొత్తం కూలిపోతే అది రొమాన్స్. పుస్తకం మీద నిరాశ చాలామట్టుకు ఈ తేడా తెలియకపోవడం వల్లే వస్తుంది. యుద్ధం కోసం వచ్చినవారికి నాట్యం, నాట్యం కోసం వచ్చినవారికి శవాలు ఎదురవుతాయి.

ఈ రెండు శాఖలూ వేర్వేరుగా పుట్టలేదన్నది చాలామందికి తట్టని విషయం. 1764లో హొరేస్ వాల్పోల్ ఒక పాత కోట, ఒక శాపం, పారిపోతున్న ఒక యువతి పెట్టి రాసిన చిన్న నవలతో గోథిక్ అనే సంప్రదాయం మొదలైంది. ముప్పై ఏళ్ల తరువాత, 1794లో, ఆన్ రాడ్‌క్లిఫ్ 'ద మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో' రాసింది. ఆ కథ 1584లో మొదలవుతుంది, అంటే రాసిన నాటికే అది రెండు వందల ఏళ్ల నాటి గతం. కోటలో దయ్యాలు తిరుగుతున్నట్టు వందల పేజీలు పాఠకుల్ని వణికించి, చివరికి ఒక్కో భయానికి మామూలు కారణం చెప్పేస్తుంది. గతకాలమూ దయ్యమూ అప్పుడు ఒకే ఇంట్లో కాపురం ఉన్నాయి. తరువాత ఆస్తి పంపకాలు జరిగాయి: కోట, దుస్తులు, వారసత్వపు తగాదా చారిత్రక రొమాన్స్ వాటాకు వచ్చాయి, మేడమీద చప్పుడు పారానార్మల్ వాటాకు వచ్చింది. రాడ్‌క్లిఫ్ దయ్యం లేదని తేల్చిన చోట నేటి రచయిత్రి దయ్యం ఉందంటుంది, పైగా అతనికి ఒక బాధ ఉందంటుంది.

చారిత్రక రొమాన్సుల్లో సింహభాగం రీజెన్సీ కాలానిది. మూడో జార్జి రాజుకు మతి చలించడంతో ఆయన కొడుకు రాజప్రతినిధిగా పాలించిన కాలం అది, 1811 ఫిబ్రవరి నుంచి 1820 జనవరి వరకు. చరిత్రలో తొమ్మిదేళ్లకు మించని ఈ ముక్కలో వేల నవలలు కిక్కిరిసి ఉన్నాయి. జేన్ ఆస్టెన్ నవలలు అచ్చయినవి ఈ ఏళ్లలోనే కావడం ఒక కారణం. 1935 నుంచి జార్జెట్ హేయర్ ఆ కాలపు దుస్తులు, బళ్లు, యాస అన్నీ వివరంగా పట్టుకుని నవల తరువాత నవల రాసి దాన్ని ఒక ప్రత్యేక శాఖగా స్థిరపరచడం మరో కారణం. అయితే ఆస్టెన్ తన ఎదుట ఉన్న సమాజం గురించి రాసింది కాబట్టి, నియమాలను వివరించే పని ఆమెకు లేదు. హేయర్, ఆమె తరువాతివారు గతాన్ని తిరిగి కట్టినవారు. కొత్త పాఠకులు పోల్చి చూడవలసిన తేడా ఇది.

ఆ కాలపు అడ్డుగోడలో ఇటుకలు చాలావరకు చట్టాలే. 1753లో పార్లమెంటు చేసిన వివాహ చట్టం ప్రకారం ఇంగ్లండులో పెళ్లి చెల్లాలంటే చర్చిలో వరసగా మూడు ఆదివారాలు బహిరంగ ప్రకటన చేయాలి, లేదా లైసెన్సు తెచ్చుకోవాలి. ఇరవై ఒక్క ఏళ్లు నిండనివారికి లైసెన్సు కావాలంటే తండ్రి అనుమతి కావాలి. ఈ చట్టం స్కాట్లండుకు వర్తించదు. అక్కడ సాక్షుల ఎదుట మాట ఇచ్చుకుంటే సరిపోయేది. అందువల్లే సరిహద్దు దాటగానే వచ్చే గ్రెట్నా గ్రీన్ అనే చిన్న ఊరు నవలా ప్రపంచంలో అంత పెద్దదైంది. లండన్ నుంచి గుర్రపు బండిలో రోజుల తరబడి ప్రయాణం, వెనక తండ్రో అన్నో తరుముకొస్తూ ఉండటం, దారిలో సత్రంలో ఒకే గది దొరకడం: ఇదంతా రచయిత్రుల చాదస్తమని నేను చాలాకాలం అనుకున్నాను. చట్టం తెలిశాక ఆ బండి అంత వేగంగా ఎందుకు పోతోందో అర్థమైంది. నవలల్లో నాయకుడు జేబులోంచి గర్వంగా తీసే 'స్పెషల్ లైసెన్సు' కూడా కల్పన కాదు. ఏ వేళనైనా, ఎక్కడైనా పెళ్లి చేసుకోనిచ్చే ఆ కాగితం కాంటర్‌బరీ ఆర్చిబిషప్ పేరున జారీ అయ్యేది, అది అందరికీ దక్కేది కాదు.

పెళ్లయ్యాక తలుపులు ఇంకా గట్టిగా మూసుకునేవి. భార్య ఉనికి చట్టం దృష్టిలో భర్త ఉనికిలో కలిసిపోతుంది. ఆమె చేతిలోని డబ్బు, సంపాదన అతనివవుతాయి. ఈ స్థితి 1870, 1882 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టాలు వచ్చేదాకా పూర్తిగా మారలేదు. విడాకుల న్యాయస్థానం 1857 చట్టంతో గాని రాలేదు. అంతకుముందు మళ్లీ పెళ్లాడే వీలున్న విడాకులు కావాలంటే పార్లమెంటు చేత ఆ ఒక్క దంపతుల కోసం ప్రత్యేకంగా చట్టం చేయించుకోవాలి. ఒకటిన్నర శతాబ్దానికి పైగా సాగిన ఆ పద్ధతిలో విడిపోయిన జంటలు మూడు వందల పైచిలుకు మాత్రమే. ఈ లెక్క మనసులో పెట్టుకుని చదివితే నాయిక 'ఆలోచించుకోవడానికి వ్యవధి కావాలి' అన్న మాట బెట్టులా వినిపించదు. ఆమె సంతకం పెట్టబోతున్నది వెనక్కి తీసుకోవడానికి వీల్లేని కాగితం మీద.

మగవాడికీ ఒక బంధనం ఉంది. ప్రభువర్గంలో కింది మెట్టు బారన్ నుంచి పై మెట్టు డ్యూక్ దాకా బిరుదు సాధారణంగా వివాహబంధంలో పుట్టిన పెద్దకొడుక్కే సంక్రమిస్తుంది, అక్కర్లేదని వదులుకునే వీలు 1963 దాకా లేదు. 'నీకోసం సర్వం వదిలేస్తాను' అని డ్యూక్ అన్నా, చట్టం అతన్ని వదలదు. ఈ ఒక్క అంశాన్ని బాగా వాడుకున్న రచయిత్రులు, నాయకుడి కోటును వర్ణించడంతో సరిపెట్టుకున్నవారికన్నా చాలా ఎత్తులో నిలుస్తారని నా అభిప్రాయం.

రక్తపిశాచి ఈ కథలోకి ఎలా వచ్చాడో చూస్తే ఇంకా ఆశ్చర్యం కలుగుతుంది, ఎందుకంటే అతనూ రీజెన్సీ కాలపు పెద్దమనిషే. 1815 ఏప్రిల్‌లో తంబోరా అగ్నిపర్వతం బద్దలై చల్లిన బూడిద వల్ల మరుసటి ఏడాది ఐరోపాలో వేసవే రాలేదు. ఆ 1816లో జెనీవా సరస్సు ఒడ్డున వానకు ఇంట్లో చిక్కుబడిన కవి లార్డ్ బైరన్, తలా ఒక దయ్యం కథ రాద్దామని స్నేహితులతో అన్నాడు. ఆ మాటే మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్'కు నాంది అయిందన్నది అందరికీ తెలిసిన సంగతి. బైరన్‌కు వైద్యుడిగా వెంట వచ్చిన జాన్ పొలిడోరి, బైరన్ మొదలుపెట్టి వదిలేసిన కథను అందుకుని 'ద వాంపైర్' రాశాడు. 1819లో అది ఒక పత్రికలో బైరన్ పేరుతోనే అచ్చయింది. అప్పటిదాకా తూర్పు ఐరోపా పల్లె కథల్లో రక్తపిశాచి అంటే సమాధిలోంచి లేచి వచ్చే ఉబ్బిన శవం. పొలిడోరి అతనికి ప్రభువు బిరుదు ఇచ్చి, లార్డ్ రూత్‌వెన్ అని పేరు పెట్టి, లండన్ నాట్యమందిరాలకు తీసుకొచ్చాడు. ఆ పేరు కూడా ఊరికే రాలేదు. బైరన్ మాజీ ప్రియురాలు కరోలిన్ లాంబ్ అతన్ని దుయ్యబడుతూ 1816లో రాసిన నవలలో అతనికి అంటగట్టిన పేరు అది. పొలిడోరి కథ చివర రూత్‌వెన్ ఒక మంచి కుటుంబపు అమ్మాయిని పద్ధతి ప్రకారం పెళ్లాడతాడు, ఆమె రక్తం తాగి మాయమవుతాడు. అంటే ఆధునిక రక్తపిశాచి తొలి కథే పెళ్లి సంబంధాల బజారు మీద భయంతో రాసిన కథ. బిరుదు, అందం, మర్యాద ఉన్న వరుడి గురించి ఇంట్లోవాళ్లకు తెలియనిదేమిటి? ఆనాటి చారిత్రక రొమాన్స్ నాయికను వేధించే ప్రశ్నా ఇదే.

ఆ తరువాత రక్తపిశాచి మీద జాలి పుట్టడానికి నూటయాభై ఏళ్లు పట్టింది. 1897లో బ్రామ్ స్టోకర్ డ్రాకులాను వేటాడి చంపదగిన శత్రువుగానే చూపాడు. 1960ల చివర అమెరికన్ టెలివిజన్ ధారావాహికలో, 1976లో ఆన్ రైస్ నవలలో తన స్థితికి తానే కుమిలిపోయే పిశాచి కనిపించాడు. 1990లకల్లా అతను ప్రేమించదగినవాడైపోయాడు. 2005 తరువాత ఈ రకం పుస్తకాలు దుకాణాల్లో గోడలు నింపాయి. దృష్టికోణం మారడం దీనికి ఎంతో తోడ్పడింది. పాత నవలల్లో కథంతా సాధారణంగా నాయిక కళ్లలోంచే నడిచేది, అతని మనసులో ఏముందో చివరిదాకా తెలియదు. ఇద్దరి మనసుల్లోంచీ చెప్పే పద్ధతి వచ్చాక పాఠకురాలికి అతని ఆకలీ తెలుస్తుంది, అతని నిగ్రహమూ తెలుస్తుంది.

ఇక ఈ ప్రక్రియలో అతి కష్టమైన చిక్కుముడి. 1972లో అమెరికాలో నేరుగా పేపర్‌బ్యాక్‌గా వెలువడిన కాథ్లీన్ వుడివిస్ నవల లక్షల సంఖ్యలో అమ్ముడై ఆధునిక చారిత్రక రొమాన్సుకు దారి వేసింది. ఆ నవలలో నాయకుడు తొలి అధ్యాయాల్లోనే నాయికను బలాత్కరిస్తాడు, చివరికి అతన్నే ఆమె ప్రేమిస్తుంది. ఆ దశాబ్దంలో, ఆ తరువాతి దశాబ్దంలో ఈ పోకడ విస్తారంగా కనిపిస్తుంది. ఆడపిల్ల తన కోరికను బయటపెడితే చెడ్డదనే ముద్ర పడే రోజుల్లో, బలవంతం ఆమెకు ఒక సాకుగా పనికొచ్చిందని కొందరు విశ్లేషకులు వివరించారు. ఆ వివరణలో నిజం ఉంది, కానీ ఆ పేజీలను నేను ఈనాటికీ సమాధానపడి చదవలేను, పడాలని ఎవరినీ అడగను. పాత పుస్తకం చేతికి వచ్చినప్పుడు అచ్చయిన ఏడాది చూసుకోవడం మంచి అలవాటు.

ఆ హింసను చారిత్రక రొమాన్స్ క్రమంగా వదిలించుకుంది. ప్రమాదకరమైన నాయకుడి మీద మోజు మాత్రం పోలేదు, పారానార్మల్ శాఖకు మళ్లిందని నేననుకుంటున్నాను. మనిషిగా అతను చేస్తే క్షమించలేనిదాన్ని తోడేలుగా మారగలిగినవాడి జాతిలక్షణంగా చూపవచ్చు. 'విధి రాసిన జోడు' అన్న కల్పనను ఇక్కడే పరీక్షించాలి. తోడేలు మనుషుల కథల్లో నాయకుడు ఆమె వాసన తగలగానే తన జోడును గుర్తుపడతాడు. ఇద్దరి మధ్య తెంచలేని బంధం ఏర్పడుతుంది. అడ్డుగోడ లేకుండా చేసే సులువైన మార్గంలా ఇది కనిపిస్తుంది, నిజానికి ఇది కొత్త గోడ. ఎంచుకునే హక్కు లేని చోట ప్రేమ అన్న మాటకు అర్థమేమిటి? నేర్పుగల రచయిత్రి ఈ ప్రశ్న నాయిక నోట పలికిస్తుంది. బంధం అతన్ని కట్టేసినా ఆమెను కట్టెయ్యదని నియమం పెడుతుంది, లేదా ఆమె కాదనగలిగే దారి ఒకటి తెరిచి ఉంచుతుంది. ఈ ప్రశ్న అసలు తట్టనట్టు సాగిపోయే పుస్తకాలను నేను మధ్యలోనే మూసేస్తాను.

అందుకే పారానార్మల్ నవల చదివేటప్పుడు తొలి యాభై పేజీల్లో నియమాలను పట్టుకోవాలి. ఈ లోకంలో పిశాచి ఎండలోకి రాగలడా, ఎవరినైనా తనలాగా మార్చగలడా, మార్చితే ఆమె పోగొట్టుకునేదేమిటి, ఈ జీవుల సంగతి మామూలు మనుషులకు తెలుసా? కల్పిత లోకానికి ఈ నియమాలు 1753 చట్టం లాంటివి. అవి కచ్చితంగా ఉంటే గోడ గట్టిగా ఉంటుంది. చివరి అధ్యాయంలో హఠాత్తుగా ఒక మంత్రం ఊడిపడి అన్నిటినీ రద్దు చేస్తే అప్పటిదాకా మనం పడ్డ ఆరాటమంతా వృథా. ఈ శాఖలో పుస్తకాలు వరసలుగా వస్తాయి, ఒక్కో దానిలో ఒక్కో జంట కథ ముగుస్తుంది గాని వెనకనున్న పోరాటం కొనసాగుతుంది. కనుక వీటిని మొదటి సంపుటం నుంచే చదవడం మేలు. చారిత్రక వరసల్లో అంత పట్టింపు అవసరం లేదు. అన్నదమ్ముల పెళ్లిళ్లు ఏ క్రమంలో చదివినా పెద్ద నష్టం లేదు.

చరిత్ర విషయంలో పాఠకులు రెండు పొరపాట్లు చేస్తారు. మొదటిది చిన్న తప్పులకు పుస్తకాన్ని విసిరెయ్యడం. రెండోది అందులో కనిపించిన లోకమే ఆ కాలమని నమ్మడం. రీజెన్సీ కాలంలో డ్యూకులంతా కలిపినా నలభై మంది లేరు, వారిలో చాలామంది పెళ్లయినవారు, వయసు మళ్లినవారు. నవలల్లోని యువ డ్యూకులను లెక్కపెడితే పార్లమెంటులోని ప్రభువుల సభ సరిపోదు. ఇది ఇబ్బంది లేని అతిశయోక్తి. కనిపించకుండా పోయినవాటి సంగతి వేరు. ఆ తొమ్మిదేళ్లలోనే మరమగ్గాలు పగలగొట్టిన నేతపనివాళ్లు ఉరికంబం ఎక్కారు. 1819 ఆగస్టు 16న మాంచెస్టర్‌లో ఓటు హక్కు అడగవచ్చిన జనం మీదికి గుర్రపు దళం కత్తులు దూసింది. బ్రిటన్ బానిసల వ్యాపారాన్ని 1807లో నిషేధించినా, కరీబియన్ చెరుకు తోటల్లో బానిసత్వం 1830ల దాకా సాగింది. నాయకుడి భవనానికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న తలెత్తినప్పుడు దాటెయ్యని నవలలు ఇటీవల పెరిగాయి. ఎవరు ప్రేమకథకు అర్హులన్న ప్రశ్న కూడా ఇందులో భాగమే. 1994లో తొలి నవల వెలువరించిన బెవర్లీ జెంకిన్స్, పందొమ్మిదో శతాబ్దపు నల్లజాతి అమెరికన్ల జీవితాన్ని శ్రద్ధగా పరిశోధించి, బడిపంతులమ్మలనూ సైనికులనూ నాయికానాయకులుగా నిలబెట్టింది. వారి అడ్డుగోడలు నాట్యమందిరపు గోడలకన్నా ఎంతో ఎత్తైనవి.

ముగింపు ముందే తెలిసిపోతుంది కదా, మరి చదవడమెందుకని అడిగేవారికి నేను పైన చెప్పిన చట్టాల్నే గుర్తుచేస్తాను. పెళ్లితో సర్వాధికారం భర్త చేతికి వెళ్లే కాలంలో నాయికకు చట్టం ఇచ్చే రక్షణ అరకొర. మిగిలిన రక్షణ అతని గుణం ఒక్కటే. పిశాచి కథలోనూ అంతే, అతని బలం ముందు ఆమె బలం ఏ మూలకూ చాలదు. అందుచేత ఆ నాలుగు వందల పేజీలూ అతని గుణానికి పెట్టిన పరీక్ష. ఈ పరీక్ష తేలే చోటు ఒకటి ఉంటుంది, అది చాలాసార్లు ముద్దు సన్నివేశం కాదు. రీజెన్సీ నవలలో పెళ్లికి ముందు లాయరు బల్ల మీద ఒప్పంద పత్రం పరుస్తాడు. ఆమె ఆస్తిని విడిగా ట్రస్టుకు అప్పగించి, తన చెయ్యి దాని మీద పడకుండా అతనే గీత గీయించుకుంటాడు. అప్పట్లో ధనిక కుటుంబాలకు చట్టం మిగిల్చిన వెసులుబాటు అది. పిశాచి నవలలో అతను తన గుండె ఏ పక్కటెముకల మధ్య ఉందో ఆమె చెయ్యి పట్టుకుని చూపిస్తాడు, ఆ గుండెలో దిగి తనను చంపగల మేకు ఎక్కడ దాచాడో చెబుతాడు. ఆ పేజీకి వచ్చినప్పుడు నేను నెమ్మదిగా చదువుతాను.